చెంచాడు నూనె చేసే పని

వంద గ్రాముల కీరా, వంద గ్రాముల టొమాటో, చెరో యాభై గ్రాముల క్యారెట్, క్యాబేజీ. తరిగి పళ్లెంలో పెడితే 300 గ్రాముల పచ్చికూరలు. వాటన్నిటిలోనూ కలిపి 65 క్యాలరీలకు అటూ ఇటూ ఉంటాయి. వాటి మీద రెండు పెద్ద చెంచాల మయొనైజ్ వేస్తే ఇంకో 180 నుంచి 200 క్యాలరీలు వచ్చి చేరతాయి. మయొనైజ్ వద్దనుకుని, ఫ్రెంచివాళ్ల పద్ధతిలో మూడు వంతుల నూనెకి ఒక వంతు వెనిగర్ గిలకొట్టి పోసినా రెండు చెంచాలకు 180 దాకా తేలుతుంది. పళ్లెం నిండా కనిపించేవి కూరగాయలే అయినా క్యాలరీల్లో మూడు వంతులు నూనెవే.

ఇది తెలిసినవాళ్లు చాలామంది నూనెను పూర్తిగా మానేసి, నిమ్మకాయ పిండుకుని ఉప్పు చల్లుకుని తినడం మొదలుపెడతారు. ఎక్కువ రోజులు సాగదు. పుల్లగా, నీళ్లగా, పచ్చివాసనతో ఉండే పళ్లేన్ని రోజూ ఇష్టంగా తినగలిగేవాళ్లు తక్కువ. పచ్చికూరలు తినడం మానేయడానికి మనసు బలహీనం కావడం కారణం కాదు. నూనె తీసేసినప్పుడు దాంతోపాటు ఏమేమి పోయాయో చూసుకోకపోవడమే కారణం. అవేమిటో తెలిస్తే వాటిని తక్కువ క్యాలరీలతో, తక్కువ ఖర్చుతో తిరిగి తెచ్చుకోవచ్చు.

నూనెకి అంత శక్తి ఎక్కడిదో ముందు చూద్దాం. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ అట్వాటర్ 19వ శతాబ్దం చివర్లో ఆహార పదార్థాలను కాల్చి వేడిని కొలిచాడు. మనుషులను గదంత క్యాలరీమీటర్‌లో ఉంచి, వాళ్లు తిన్నదెంత, విడిచిన వేడి ఎంత అని లెక్కగట్టాడు. ఈ రోజు పొట్లాల మీద మనం చదివే అంకెలకు పునాది ఆ పనే: గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకి 9 క్యాలరీలు. తేడా అణువుల నిర్మాణంలో ఉంది. పిండిపదార్థంలో ఆక్సిజన్ చాలా ఉంది, అంటే అది కొంతమేర ముందే మండిపోయిన ఇంధనం. కొవ్వు ఆమ్లం పొడవునా కార్బన్, హైడ్రోజన్ బంధాలే. శరీరం వాటిని ఆక్సిజన్‌తో కలిపినప్పుడు వచ్చే శక్తి ఎక్కువ. ఈ లెక్క అన్ని నూనెలకూ ఒకటే. ఖరీదైన ఆలివ్ నూనె అయినా, గానుగ నువ్వుల నూనె అయినా పెద్ద చెంచాకు 120 క్యాలరీలు. సీసా మీద ‘లైట్’ అని రాసిన ఆలివ్ నూనెలో తేలికైనవి రంగూ రుచీ మాత్రమే, క్యాలరీలు కావు.

ఇక నూనె చేసే పనులు. ఆకుల పైన, చాలా కాయల తొక్కల పైన సన్నని మైనపు పొర ఉంటుంది. వాన నీరు లోపలికి ఇంకకుండా, లోపలి తేమ ఎండకు పోకుండా మొక్క కట్టుకున్న రక్షణ అది. నిమ్మరసం, వెనిగర్ ఆ పొర మీద చుక్కలుగా నిలిచి జారిపోతాయి. పులుపంతా గిన్నె అడుగున చేరి, పైన తిన్నవాళ్లకు చప్పగా, అడుగున తిన్నవాళ్లకు పళ్లు పులిసేలా తగలడానికి కారణం ఇదే. నూనె ఆ మైనంతో కలిసిపోయి ఆకంతా పరుచుకుంటుంది. కొత్తిమీర వాసనా, వెల్లుల్లి ఘాటూ ఆకుని అంటిపెట్టుకుని ఉండేది ఆ నూనె పొరలోనే.

నూనె వాసనను దాచి, నెమ్మదిగా వదులుతుంది కూడా. మన ముక్కుకి అందే సువాసన అణువుల్లో చాలావాటికి నీటికన్నా నూనెలో కరగడం తేలిక. నూనె ఉన్నచోట అవి అందులో నిలిచి, నములుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. పచ్చికూరల మీద పోసే డ్రెస్సింగ్‌లో కొవ్వు లేకపోతే అవే అణువులు నోట్లో పెట్టగానే ఒక్కసారిగా ఎగసిపోతాయి. మొదటి ముద్దలో వెల్లుల్లి గుప్పుమంటుంది, ఆ తర్వాత ఏ రుచీ మిగలదు. కొవ్వు తీసేశాక కూడా పాత పాళ్లలోనే మసాలా వేస్తే రుచి చెడడానికి కారణం ఇది. నూనె తగ్గినప్పుడు ఘాటైన వాసన ద్రవ్యాలను కూడా తగ్గించి, నిదానంగా రుచినిచ్చేవి పెంచాలి.

పులుపు సంగతి మరొకటి. పులుపంతా నీటి భాగంలోనే ఉంటుంది. నాలుక మీద పరుచుకున్న నూనె పొర ఆ పులుపు తగిలే తీరును మెత్తబరుస్తుంది. ఒక వంతు వెనిగర్‌కి మూడు వంతుల నూనె అన్న పాత కొలత పుట్టింది ఇందుకే. కనుక నూనె తగ్గించాలంటే ముందు పులుపు తీవ్రత తగ్గించాలి. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం ఆవిరై ముక్కుని కూడా పొడుస్తుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం అలా ఎగరవు, నాలుక దగ్గరే ఆగిపోతాయి. వెనిగర్ బదులు పులిసీ పులియని పెరుగు, నిమ్మరసంలో సగం తీసేసి దాని బదులు బత్తాయి రసం వాడితే నూనె అవసరమే చాలావరకు పడిపోతుంది. ఈ ఒక్క మార్పుకి అదనపు ఖర్చు పెద్దగా ఉండదు.

నూనె ఇచ్చే చిక్కదనం గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. తక్కువ క్యాలరీల డ్రెస్సింగ్ చరిత్రంతా ఈ చిక్కదనం కోసం వెతుకులాటే. మయొనైజ్ ఒక ఎమల్షన్. నిమ్మరసం లేదా వెనిగర్ నీటిలో నూనె సన్నని బిందువులుగా విరిగి ఉంటుంది, గుడ్డు సొనలోని లెసితిన్, మాంసకృత్తులు ఒక్కో బిందువు చుట్టూ చేరి అవి మళ్లీ కలిసిపోకుండా కాపాడతాయి. నూనె గానీ, నీరు గానీ విడిగా చిక్కనివి కావు. చిక్కదనం కిక్కిరిసిన బిందువుల వల్ల వస్తుంది. బుట్ట నిండా నింపిన నిమ్మకాయలు ఎటూ కదలలేనట్టు, నూనె బిందువులు ద్రవంలో మూడింట రెండు వంతుల దాకా నిండితే ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలిచిపోతాయి. అమెరికా నిబంధనల ప్రకారం మయొనైజ్ అని పేరు పెట్టాలంటే బరువులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. ఆ వాటా బాగా తగ్గితే బిందువులకు జాగా దొరికి, అంతా పలచబడి పారుతుంది.

1930లలో మహామాంద్యం రోజుల్లో అమెరికన్ ఇళ్లకు మయొనైజ్ భారమైంది. క్రాఫ్ట్ కంపెనీ 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ‘మిరకిల్ విప్’ అనే డ్రెస్సింగ్‌ని బయటపెట్టింది. అందులో మయొనైజ్‌లోకన్నా నూనె తక్కువ. తగ్గిన నూనె ఖాళీని ఉడికించిన పిండి జావతో నింపారు. పిండి గింజలు వేడి నీటిలో ఉబ్బి, పగిలి, గొలుసుల్లాంటి అణువులను నీటిలోకి వదులుతాయి. ఆ గొలుసులు చిక్కుపడి నీటిని కదలనివ్వవు. ఖర్చు తగ్గించడానికి చేసిన పనే క్యాలరీలనూ తగ్గించింది. మన వంటింట్లో గంజి చిక్కబడటంలో జరిగేదీ ఇదే, మజ్జిగపులుసులో శనగపిండి కలిపి పెరుగు విరగకుండా కాయడంలో జరిగేదీ చాలావరకు ఇదే. రెండు టీస్పూన్ల మొక్కజొన్న పిండిని అరకప్పు నీళ్లలో కలిపి ఉడికిస్తే దాదాపు 20 క్యాలరీలతో చిక్కటి జావ వస్తుంది. చల్లారాక అది డ్రెస్సింగ్‌కి ఒళ్లు ఇస్తుంది. అంతే చిక్కదనం నూనెతో తేవాలంటే వందల క్యాలరీలు పడతాయి.

తర్వాతి మలుపు క్యాబేజీ తెగులు నుంచి వచ్చింది. క్యాబేజీ ఆకుల అంచుల నుంచి పసుపు తిరిగి నల్లగా కుళ్లించే బ్యాక్టీరియా పేరు గ్జాంథోమోనాస్ క్యాంపెస్ట్రిస్. అది తన చుట్టూ ఒక జిగురు స్రవిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ పియోరియా ప్రయోగశాలలో అలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఆ జిగురును వెలికితీసి పరిశోధించారు. దాని పేరు గ్జాంథన్ గమ్. 1969లో అమెరికాలో ఆహారంలో వాడకానికి అనుమతి వచ్చింది. అర శాతం కన్నా తక్కువ కలిపినా నీరు చిక్కబడుతుంది. అంతకన్నా విశేషమైన గుణం ఇంకొకటుంది. కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, సీసా ఊపినా, నోట్లో నమిలినా పలచబడుతుంది, ఆపగానే మళ్లీ చిక్కబడుతుంది. అందుకే సీసాలో కొత్తిమీర ముక్కలు అడుక్కి దిగవు, పోసేటప్పుడు ధార ఆగదు, ఆకు మీద పడ్డాక జారిపోదు. ఒకప్పుడు ఎక్కువగా నూనె చేసిన పని ఇది. ఈ జిగురు పేరు సీసా మీద చూసి భయపడేవాళ్లను చూస్తుంటాను. ఆ భయానికి ఆధారం లేదు. భయపడాల్సింది దాని పక్కన రాసి ఉండే చక్కెర గురించి.

కొవ్వు తీసేసిన సీసాల్లో పోయిన రుచిని చక్కెరతో, ఉప్పుతో పూరించడం సాధారణం. గ్రాముకి 9 పోయిన చోట గ్రాముకి 4 వచ్చి కూర్చుంటుంది. అంకెలు చదవడం రావాలి. అమెరికాలో ఒక వడ్డింపుకి అర గ్రాము కన్నా తక్కువ కొవ్వుంటే ‘కొవ్వు లేనిది’ అని రాసుకోవచ్చు. ఆ వడ్డింపు రెండు పెద్ద చెంచాలే. పళ్లెం మీద ఆరు చెంచాలు పోసుకునే మనిషికి ఆ మాట వర్తించదు. మన దేశంలో కొలత 100 గ్రాములకు పెట్టారు. తక్కువ క్యాలరీల పదార్థం అని చెప్పుకోవాలంటే 100 గ్రాముల ఘనపదార్థంలో 40 క్యాలరీలు, 100 మిల్లీలీటర్ల ద్రవంలో 20 క్యాలరీలు మించకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధన. వాడేవాడికి ఇది మేలైన పద్ధతి, సీసాకీ సీసాకీ పోల్చుకోవచ్చు.

ఇంతకీ నూనె సున్నా చేయవచ్చా? దీనికి సరైన జవాబు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో వెండీ వైట్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగంలో దొరుకుతుంది. పాలకూర, రొమెయిన్ లెట్యూస్, క్యారెట్, చిన్న టొమాటోలతో చేసిన సలాడ్‌నే మూడు విడతలుగా పెట్టారు. డ్రెస్సింగ్‌లో నూనె ఒకసారి సున్నా, ఒకసారి 6 గ్రాములు, ఒకసారి 28 గ్రాములు. ఆ తర్వాత కొన్ని గంటలపాటు రక్తం తీసి కెరోటినాయిడ్లు ఎంత చేరాయో చూశారు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టొమాటోలోని లైకోపీన్ ఈ కుటుంబంలోవే. నూనె లేని సలాడ్ తిన్నప్పుడు అవి రక్తంలోకి దాదాపు చేరనే లేదు. 6 గ్రాములతో చేరాయి, 28 గ్రాములతో ఇంకా బాగా చేరాయి. ఈ పదార్థాలు నీటిలో కరగవు. పేగులో పైత్యరసం, కొవ్వు కలిసి కట్టే అతి సన్నని మూటల్లోకి ఎక్కితేనే అవి పేగు గోడ దాటగలవు. కంటికి మంచిదని క్యారెట్ తురుముకుని, క్యాలరీలకు భయపడి నూనె మానేస్తే ఆ కెరోటిన్ చాలావరకు వచ్చిన దారినే పోతుంది.

అలాగని 28 గ్రాములు పోసుకోలేం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల నమూనా పళ్లెంలో రోజు మొత్తానికి నూనె, కొవ్వులు 27 గ్రాములు. అంటే అన్నంలో నెయ్యి, కూరలో తాలింపు, అట్టు మీద నూనె అన్నీ అందులోకే రావాలి. అదే పళ్లెంలో కూరగాయలు మాత్రం 400 గ్రాములు. ఇంత తక్కువ నూనెతో అన్ని కూరగాయలు రుచిగా తినడం ఎలాగన్నదే మన ముందున్న ప్రశ్న.

పర్డ్యూ విశ్వవిద్యాలయం 2012లో చేసిన ప్రయోగం ఇక్కడ ఊరటనిస్తుంది. వాళ్లు 3, 8, 20 గ్రాముల కొవ్వుతో డ్రెస్సింగులు చేసి, మూడు రకాల కొవ్వులతో పరీక్షించారు: వెన్న, సోయా నూనె, కనోలా నూనె. వెన్న, సోయాలతో కొవ్వు పెరిగేకొద్దీ కెరోటినాయిడ్లు ఎక్కువగా ఒంటపట్టాయి. మోనో అన్‌శాచురేటెడ్ కొవ్వు ఎక్కువున్న కనోలాతో మాత్రం 3 గ్రాములకే 20 గ్రాములంత ఫలితం కనిపించింది. మన వేరుశనగ నూనెలో సగానికి దగ్గరగా ఈ జాతి కొవ్వే ఉంటుంది. కనోలా ఫలితం వేరుశనగకు అచ్చంగా వర్తిస్తుందని నేను అనను, కానీ ఖరీదైన దిగుమతి నూనెల కోసం పరుగెత్తనక్కర్లేదని మాత్రం గట్టిగా అంటాను. అదే విశ్వవిద్యాలయం తర్వాత చేసిన పరిశోధనలో సలాడ్‌తో గిలకొట్టి వండిన గుడ్లు తిన్నా కెరోటినాయిడ్లు బాగా ఒంటపట్టినట్టు తేలింది. కొవ్వు సలాడ్ మీదే ఉండనక్కర్లేదు, అదే పూట తిన్నదాంట్లో ఉంటే పేగులో రెండూ కలుస్తాయి. పప్పన్నంలో నెయ్యి వేసుకుని పక్కన కీరా ముక్కలు తినేవాళ్లకు ఆ ముక్కల మీద నూనె అక్కర్లేదు. రాత్రిపూట సలాడ్ ఒక్కటే భోజనంగా తినేవాళ్లకు మాత్రం చెంచాడు నూనె తప్పనిసరి.

టీస్పూను నూనె నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. దాన్ని పచ్చిగా పోయడం కన్నా తాలింపు పెట్టడం మేలు. జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి వాసన అణువులన్నీ నూనెలో కరిగేవే, వేడి వాటిని గింజల్లోంచి, ఆకుల్లోంచి త్వరగా లాగుతుంది. ఆ చెంచాడు నూనె నాలుగైదు రుచులను మోసుకుంటూ పళ్లేనికి వస్తుంది. మూడు చెంచాల వట్టి నూనె ఇవ్వలేని నిండుదనం తాలింపు పెట్టిన ఒక్క చెంచాలో వస్తుంది. తక్కువ క్యాలరీల డ్రెస్సింగులు రాసే పాశ్చాత్య వంట పుస్తకాల్లో ఈ ఉపాయం అరుదుగా కనిపిస్తుంది. మన పెరుగు పచ్చళ్లలో ఇది రోజూ జరిగేదే.

అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే రాంచ్ డ్రెస్సింగ్‌కి కూడా మూలం మజ్జిగే. 1950లలో కాలిఫోర్నియాలో స్టీవ్ హెన్సన్ అనే ఆయన తన హిడెన్ వ్యాలీ రాంచ్‌కి వచ్చిన అతిథులకు మజ్జిగ, మయొనైజ్, ఎండు ఆకుల పొడులు కలిపి వడ్డించేవాడు. అందులోంచి మయొనైజ్ తీసేసి వడకట్టిన పెరుగు పెట్టండి. పెరుగు గడ్డకట్టేది కేసిన్ అనే మాంసకృత్తు వల్ల. పులుపు పెరిగేకొద్దీ కేసిన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని జల్లెడలాంటి అల్లికగా మారి నీటిని పట్టి ఉంచుతాయి. పల్చటి నూలుగుడ్డలో రెండు మూడు గంటలు వేలాడగడితే కొంత నీరు, దాంతో కొంత పులుపు, కొంత లాక్టోజ్ దిగిపోతాయి. మిగిలింది మయొనైజ్ అంత చిక్కగా ఉంటుంది. డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 1.5 శాతమే కనుక వాటితో తోడుపెట్టిన పెరుగు వంద గ్రాములకు 50 క్యాలరీల చుట్టూ ఉంటుంది. దానికి టీస్పూను వేరుశనగ నూనె తాలింపు కలిపితే మొత్తం 90. ఇద్దరికి పంచితే తలా 45 క్యాలరీలు, కొవ్వు మూడు గ్రాములు. పచ్చిమిర్చి కారం కూడా పెరుగులో మెత్తబడుతుంది, మిరపలోని క్యాప్సైసిన్‌ని కేసిన్ పట్టేసుకుంటుంది.

ఈ పెరుగు డ్రెస్సింగ్‌కి ఆవపిండి తోడైతే ఇంకా బాగుంటుంది, కానీ వరస తెలియాలి. పొడి ఆవగింజలో ఘాటు ఉండదు. గింజ చితికి నీళ్లు తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టి ఘాటైన నూనెను పుట్టిస్తుంది. వేడి ఆ ఎంజైముని చంపుతుంది, పులుపు దాని పనిని నెమ్మది చేస్తుంది. అందుకే ఆవపిండిని చల్లటి నీళ్లతో తడిపి పది నిమిషాలు ఆగి, ఘాటు పుట్టాక నిమ్మరసమో పెరుగో కలపాలి. ఆ తర్వాత పులుపే ఆ ఘాటుని కొంతసేపు నిలబెడుతుంది. తాలింపులో చిటపటలాడిన ఆవాల్లో ఈ ఘాటు రాదు. ఆవపొడిలోని మాంసకృత్తులు, పొట్టులోని జిగురు నూనె బిందువులను కూడా పట్టి ఉంచుతాయి కనుక గుడ్డు లేకుండానే ఎమల్షన్ కొంతసేపు నిలుస్తుంది.

గుడ్డు లేకపోవడం మంచిదనడానికి ఇంకో కారణమూ ఉంది. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్‌లో సాల్మొనెల్లా పెరిగే ప్రమాదం వల్ల తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు దాన్ని నిషేధించింది.

పాలు పడనివాళ్లకు టొమాటో ఉంది. బాగా పండిన టొమాటోలో గింజల చుట్టూ ఉండే గుజ్జులో గ్లూటమేట్ కండలోకన్నా ఎక్కువ. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుంచి వేరుచేసి ‘ఉమామి’ అని పేరుపెట్టిన రుచి ఇదే. నూనె ఇచ్చే నిండుదనం తగ్గినప్పుడు ఈ రుచి ఆ లోటును చాలావరకు తీరుస్తుంది. గింజలు పారేయకుండా వంద గ్రాముల టొమాటోను తురిమి, పది గ్రాముల వేయించిన పల్లీల పొడి, వేయించిన జీలకర్ర, ఉప్పు, కాస్త నిమ్మరసం కలిపితే మొత్తం 75 క్యాలరీలు. ఇద్దరికి సరిపోతుంది, పల్లీల్లోని నూనెతో తలా రెండున్నర గ్రాముల కొవ్వు అందుతుంది. పల్లీలు, నువ్వులు చేత్తో తీసి వేయకూడదు, చెంచాతో కొలవాలి. వంద గ్రాములకు 570 క్యాలరీల దగ్గర ఉండే గింజలవి. ఒక గుప్పెడు ఎక్కువైతే చేసిన లెక్కంతా తప్పుతుంది.

కలిపే పద్ధతి వల్ల కూడా చాలా ఆదా అవుతుంది. కడిగిన ఆకులను గుడ్డలో వేసి తడి ఆరేదాకా అద్దాలి, తడి మిగిలితే డ్రెస్సింగ్ పలచబడి జారుతుంది, రుచి చాలక ఇంకో చెంచా వేస్తాం. కీరా ముక్కలకు ముందే చిటికెడు ఉప్పు రాసి పావుగంట పక్కన పెడితే వాటి నీరు బయటికి ఊరుతుంది, ఆ నీటిని వంపేసి కలిపితే పళ్లెం చివరిదాకా చిక్కగా ఉంటుంది. ఆ ఉప్పు మొత్తం ఉప్పు లెక్కలోదే, డ్రెస్సింగ్‌లో మళ్లీ వేయకూడదు. సీసా తీసి పళ్లెం మీద వంచే అలవాటు మానుకుని, ముక్కలకు రెండింతలు పట్టే వెడల్పాటి గిన్నెలో కొలిచిన డ్రెస్సింగ్ ముందు వేసి, ముక్కలు పైన వేసి, చేత్తో అడుగు నుంచి పైకి కలపాలి. ఇలా కలిపితే 300 గ్రాముల ముక్కలకు మూడు పెద్ద చెంచాలు చాలు. తినబోయే ముందే కలపాలి. మిగిలిన డ్రెస్సింగ్‌ని ఫ్రిజ్‌లో విడిగా మూతపెట్టి ఉంచుకుంటే మర్నాటికి పనికొస్తుంది.